వరిలో ఆకుముడత: తెల్లాకు కనబడగానే మందు కొట్టాలా?

గోదారిగట్టు:
నాన్నది తణుకు దగ్గర నాలుగెకరాలు, మొత్తం స్వర్ణ రకం వరే. ఊడ్చి నెల కావస్తోంది. నిన్నటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అక్కడక్కడా ఆకులు నిలువునా మూసుకుపోయి తెల్లచారలు పడ్డాయట, ఫొటోలు కూడా పంపారు. పక్క చేను వాళ్ళు రెండు మందులూ ఒక టానిక్కూ కలిపి కొట్టించేశారు. దాంతో నాన్నకి టెన్షన్ ఎక్కువైంది. రేపు పొద్దున్నే డ్రోన్ వాళ్ళని పిలుస్తానంటున్నారు. బెంగళూరులో కూర్చుని ఆయన్ని ఆగమనలేను, కొట్టమనీ అనలేను. ఇది ఆకుముడతేనా? కొట్టించాల్సిందేనా?

సాగర్_ఎడమకాల్వ:
ఫొటో చూస్తే ఆకుముడతే అన్నా. మా మిర్యాలగూడ దిక్కు కూడా మొదలైంది. మబ్బులు, సన్న జల్లులు పట్టినయంటే ఇది వచ్చినట్టే.

ఎరువుల_కొట్టు:
తమ్ముడూ, ఆలస్యం చేయొద్దు. కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 50 శాతం పొడి, లీటరుకు 2 గ్రాములు. మొదట్లోనే కొడితే ఒక్క డోసుతో పోతుంది. చేనంతా తెల్లబడ్డాక వచ్చి అడిగితే మేమూ ఏం చేయలేం.

ఏఓ_రిటైర్డ్:
గోదారిగట్టు గారూ, డ్రోన్‌ని ఒక్కరోజు ఆపండి. ముందు నాన్నగారిని ఒక పని చేయమనండి. గట్టు పక్కన కాకుండా చేను మధ్యలోకి దిగి, నాలుగైదు చోట్ల కొన్ని కొన్ని దుబ్బులు పట్టుకుని, ముడుచుకున్న ఆకుల్ని ఒక్కొక్కటీ విప్పి చూడమనండి. లోపల బతికున్న పురుగు ఎన్నింటిలో ఉంది, ఖాళీవి ఎన్ని, గోధుమరంగు కోశస్థ దశకి (పురుగు చిమ్మటగా మారే ముందు కదలకుండా ఉండే దశ) పోయినవి ఎన్ని? తెల్లాకుల లెక్క కాదు, పురుగుల లెక్క కావాలి.

ఎందుకంటే తెల్లబడిన ఆకు మళ్ళీ పచ్చబడదు. పురుగు రెక్కలొచ్చి ఎగిరిపోయినా ఆకు తెల్లగానే ఉంటుంది. రైతు దూరం నుంచి ఆ తెలుపు చూసి మందు కొడతాడు. వ్యవసాయాధికారిగా నా సర్వీసులో చూసిన ఆకుముడత పిచికారీల్లో చాలా భాగం ఖాళీ గొట్టాల మీద పడినవే.

ఎరువుల_కొట్టు:
సార్, మీరు విప్పి లెక్కపెట్టమంటారు. నాలుగెకరాల రైతుకి అంత తీరిక ఎక్కడిది? కూలీ దొరకదు.

ఏఓ_రిటైర్డ్:
అరగంట పని. డ్రోన్ కోసం ఎదురు చూసే టైమ్ కంటే తక్కువే.

రెక్కలపురుగు:
నేను రైతుని కాదు. హైదరాబాద్ శివార్లలో రాత్రిపూట తెల్లగుడ్డ కట్టి, లైటు పెట్టి చిమ్మటల ఫొటోలు తీసుకుంటుంటాను. ఇది గుడ్డ మీద తరచూ వాలేదే కాబట్టి ఓ నాలుగు ముక్కలు చెప్తాను.

శాస్త్రీయ నామం నఫలోక్రోసిస్ మెడినాలిస్. ఫ్రెంచి శాస్త్రవేత్త గ్వెనే 1854లో వర్ణించాడు. ఆకులు చుట్టే చిమ్మటలు అనగానే పుస్తకాల్లో టార్ట్రిసిడే కుటుంబం వస్తుంది, ఆపిల్ తోటల్లో నష్టం చేసేవి చాలావరకు అందులోవే. మన వరి పురుగు అది కాదు, క్రాంబిడే కుటుంబం. కాండం తొలిచే పసుపు పురుగుకి దగ్గర చుట్టం.

రెక్కలు చాచితే ఒకటిన్నర సెంటీమీటరు, కాస్త అటూ ఇటూ. ఎండుగడ్డి పసుపు. ముందు రెక్క మీద అడ్డంగా రెండు పూర్తి నల్లగీతలు, వాటి మధ్య ఒక పొట్టి గీత, అంచున వెడల్పుగా నల్లటి పట్టీ. మరాస్మియా పట్నాలిస్ అనే దగ్గరి జాతి కూడా ఉంది, అదీ వరినే ముడుస్తుంది. మగదాన్ని పోల్చడం ఇంకా తేలిక: ముందు రెక్క పై అంచు మధ్యలో చిన్న నల్లటి పొలుసుల కుచ్చు ఉంటుంది. ఫోన్ కెమెరాలో కూడా పడుతుంది, కాస్త ఓపికగా దగ్గరికెళ్తే.

పగలు ఆకుల కింద దాక్కుంటుంది. చేలో నడుస్తుంటే అడుగు ముందు రెండు మూడు లేచి, కొద్ది దూరం పోయి మళ్ళీ వాలతాయి. గుడ్లు పెట్టేదీ దూరాలు ఎగిరేదీ రాత్రే.

గోదారిగట్టు:
నడుస్తుంటే లేచే పసుపు చిమ్మటలు! అవి వారం పది రోజుల కిందటే ఉన్నాయని నాన్న అంటున్నారు. మరి అప్పుడే కొట్టాల్సిందా?

ఏఓ_రిటైర్డ్:
రెక్కల పురుగు మీద కొట్టి లాభం లేదండీ. అది మీ చేలో తినదు. పూల తేనె, అలాంటి తీపి పదార్థాలు తాగి బతుకుతుంది. ఆకు తినేది దాని పిల్లే. చిమ్మటలు కనబడ్డ రోజును మాత్రం క్యాలెండర్‌లో రాసుకోవాలి. గుడ్డు పొదగడానికి 4 నుంచి 6 రోజులు. తర్వాత పురుగు దశ రెండు వారాల నుంచి దాదాపు నాలుగు వారాలు, వాతావరణాన్ని బట్టి. కోశస్థ దశ 6 నుంచి 10 రోజులు. కాబట్టి చిమ్మటలు లేచిన వారానికి చేలో చిన్న పురుగులు ఉంటాయి. విప్పి చూడాల్సింది అప్పుడు.

కందిరీగలు బయటికొచ్చే ట్రైకోగ్రామా కార్డులు కట్టే ఆలోచన ఉంటే మాత్రం చిమ్మటలు కనబడ్డ రోజే కట్టాలి, ఎందుకంటే ఆ కందిరీగ పని గుడ్డు మీదే. అర మిల్లీమీటరు ఉండే ప్రాణి, చిమ్మట గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఎకరాకు ఒక విడతకు 40 వేలు చొప్పున ట్రైకోగ్రామా కైలోనిస్ వదులుతారు, కొన్ని వారాల పాటు. ఆకులు ముడుచుకున్నాక కార్డులు కడితే డబ్బు దండగ.

పెన్నా_రైతమ్మ:
కార్డులు మా నెల్లూరు వైపు అడిగిన రోజున దొరకవండీ. దొరికినవి కూడా ఎండలో ఆటోలో వచ్చేసరికి అందులోంచి ఏమీ బయటికి రాదు.

ఏఓ_రిటైర్డ్:
అది నిజమేనమ్మా. ముందే చెప్పి తెప్పించుకోవాలి, నీడపట్టున తేవాలి. మందు కొట్టిన చేలో కట్టినా పనిచేయవు.

రెక్కలపురుగు:
అది ఆకుని ఎలా ముడుస్తుందో చూశారా ఎవరైనా? నాకు ఈ పురుగులో అన్నిటికన్నా ఇష్టమైన విషయం అదే.

వరి ఆకు బిరుసుగా ఉంటుంది. అంత చిన్న మెత్తటి పురుగు దాన్ని కండబలంతో వంచలేదు. ఆకు మీద ఒక అంచు నుంచి రెండో అంచుకి తల అటూ ఇటూ ఊపుతూ పట్టుదారం పోస్తుంది. దారం ఆరేకొద్దీ బిగుసుకుని కాస్త పొట్టిదవుతుంది, అంచులు వెంట్రుకవాసి దగ్గరవుతాయి. ఆ సందులో ఇంకో దారం, ఇంకా కాస్త దగ్గర. ఒకే చోట చాలా పోగులు పడ్డాక పక్కన ఇంకో కుట్టు. అలా వరసగా కుట్లు వేసుకుంటూ పోతే చివరికి ఆకు గొట్టం అయిపోతుంది. తర్వాత లోపల కూర్చుని ఆకుపచ్చ పొరని గీకి తింటుంది. కింది పొరని ముట్టుకోదు, అందుకే అక్కడ చిల్లు పడదు, తెల్లగా పారదర్శకంగా మిగులుతుంది. గొట్టంలో పెంటికలు పేరుకుంటాయి. కొన్నాళ్ళకి అది వదిలేసి ఇంకో ఆకు. ఒక పురుగు తన మొత్తం జీవితంలో ముడిచేది మూడు నాలుగు ఆకులు.

విప్పగానే గిలగిలా కొట్టుకుంటూ వెనక్కి జారి కిందికి దూకేస్తుంది. మెల్లగా విప్పాలి, లేకపోతే ఖాళీ గొట్టం అనుకుని పొరబడతారు.

సాగర్_ఎడమకాల్వ:
గీ దూకుడు మాకు పనికొస్తది అన్నా. చేన్ల నీళ్ళు పెట్టి, ఇద్దరం రెండు గట్ల మీద నిలబడి, తాడు పట్టుకొని పైరు మీదికెంచి గుంజుతం. ఒకసారి అటు, ఒకసారి ఇటు. ముడతలు ఇప్పుకుంటయి, పురుగులు నీళ్ళల్ల పడ్తయి. మా నాయిన కాలంల ఈత మట్టలు, ముళ్ళకంప గుంజేవాళ్ళు. పిలకల టైములనే చెయ్యాలె. పొట్టకొచ్చినంక తాడు గుంజితే పైరే పోతది.

ఏఓ_రిటైర్డ్:
మంచి మాట. ఒక్క జాగ్రత్త. చేలో బాక్టీరియా ఎండాకు తెగులు ఉంటే తాడు, కంప లాగొద్దు. ఆకుల మీద పడే గీతల్లోంచి తెగులు చేనంతా పాకుతుంది. మంచు, వాన తడి మీద అసలే వద్దు.

పెన్నా_రైతమ్మ:
మా చేలో తెల్లచారలున్నాయి, ముడతలు మాత్రం లేవు. ఆకు విప్పేదేం లేదు, పరుచుకునే ఉంది. ఇదీ ఆకుముడతేనా?

ఏఓ_రిటైర్డ్:
కాదమ్మా, తాటాకు తెగులు అయి ఉంటుంది. పేరుకి తెగులు గానీ అదీ పురుగే, హిస్పా అంటారు. ఒంటినిండా ముళ్ళతో నీలి నలుపు పెంకు పురుగులు ఆకు మీద కనబడతాయి, అవి గీకిన చారలు సన్నగా, నిలువుగా, సమాంతరంగా ఉంటాయి. పిల్ల పురుగు ఆకు పొరల మధ్య ఉంటుంది, అక్కడ బొబ్బలాంటి మచ్చ చూడొచ్చు. ఆకు కొసలు కత్తిరించినట్టుండి, చిన్న చిన్న గొట్టాలు నీళ్ళ మీద తేలుతుంటే అది గొట్టాల పురుగు. మూడింటికీ తెలుపే కనబడుతుంది, చేయాల్సిన పని వేరు.

గోదారిగట్టు:
నాన్న చేలోకి దిగి చూశారు. చెట్ల నీడ పడే తూర్పు గట్టు వెంబడి ఎక్కువ, మధ్యలో తక్కువ. దుబ్బుకి ఒకటో రెండో ముడతలు. విప్పితే సగానికి పైగా ఖాళీ. కొన్నింటిలో పురుగు పక్కనే చిన్న తెల్లటి దూది గూళ్ళు ఉన్నాయట, ఫొటో పెట్టాను చూడండి. ఇంకోటి, పోయిన వారమే రెండో దఫా యూరియా వేశారు. ఎకరాకి ఒక బస్తా అనుకున్నది, ఆకు పచ్చగా లేదని ఇంకాస్త ఎక్కువే పడిందట.

ఏఓ_రిటైర్డ్:
ఆ దూది గూళ్ళు మీ నాన్నగారి సొంత కూలీలు. పరాన్నజీవి కందిరీగలవి. ఆ పురుగులు ఇక చచ్చినట్టే. వాటిలోంచి వచ్చే కందిరీగలు మిగతా పురుగుల మీద పడతాయి. ఇప్పుడు కార్టాపో ఇంకోటో కొడితే ముందు పోయేవి ఇవీ సాలీళ్ళూ.

యూరియా గురించి. నత్రజని ఎక్కువైన చేలో ఆకు మెత్తగా, ముదురాకుపచ్చగా ఉంటుంది. చిమ్మట గుడ్లు పెట్టడానికి ఎగబడేది అక్కడే, పిల్లలు బాగా బతికేదీ అక్కడే. నీడ పడే చోట ఉధృతి ఎక్కువ ఉండటం కూడా ఈ పురుగు స్వభావమే. మూడో దఫా యూరియా చిరుపొట్ట దశకి ఉంచండి, మోతాదు దాటొద్దు. గట్ల మీద గడ్డి, ముఖ్యంగా ఊద ఉంటే తీయించండి. పైరు లేనప్పుడు అది ఆ గడ్డి మీదే కాలం గడుపుతుంది.

ఇక అసలు ప్రశ్న. ముప్ఫై రోజుల స్వర్ణకి ఇంకా ఎన్నో ఆకులు రావాలి. పిలక దశలో కొన్ని ఆకులు గీకించుకున్నా పైరు కొత్త ఆకులతో సర్దుకుంటుంది. గింజ పాలు పోసుకునేటప్పుడు పనిచేసేవి పోటాకు (కంకి కింద వచ్చే ఆఖరి ఆకు), దాని కింద రెండాకులు. ఇప్పుడు తెల్లబడిన ఆకులు అప్పటికి ఎటూ ఎండిపోయి కింద ఉంటాయి. మీ లెక్క ప్రకారం బతికున్న పురుగు దుబ్బుకి ఒకటి కూడా లేదు. ఈ దశలో దుబ్బుకి పురుగుతో ఉన్న ముడతాకులు రెండు దాటితేనే మందు ఆలోచన. కాబట్టి తాడు లాగండి, వారంలో మళ్ళీ విప్పి చూడండి.

ఎరువుల_కొట్టు:
అందరూ ఇలా చెప్పేవాళ్ళే సార్. రేపు దిగుబడి తగ్గితే రైతు వచ్చి అడిగేది నన్ను, మిమ్మల్ని కాదు. అప్పు మీద విత్తనం, ఎరువు ఇచ్చింది నేను. పంట పోతే నా బాకీ కూడా పోతుంది. మందు అమ్ముకోవడానికే చెప్తానని అందరూ అనుకుంటారు.

సాగర్_ఎడమకాల్వ:
ఈ మాటల న్యాయం ఉన్నది. మా ఊళ్ళె కూడా గంతే. చేను తెల్లగా కనబడితే దారిన పోయేటోళ్ళందరు "నీ చేను చూసుకుంటలేవా" అంటరు. ఆ మాటకే సగం మంది కొడ్తరు.

ఏఓ_రిటైర్డ్:
కొట్టు బాబూ, మీ మీద అనుమానం లేదు. కానీ ఈ ప్రశ్నని రైతుల చేలల్లోనే తేల్చిన చరిత్ర ఉంది, చెప్తాను.

ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో హియాంగ్ అనే కీటక శాస్త్రవేత్త 1990లలో గమనించిందేమిటంటే, రైతులు మొదటి నెలన్నరలో కొట్టే మందుల్లో ఎక్కువ భాగం ఆకు తినే పురుగుల కోసమే, అందులోనూ ఆకుముడత కోసం. నష్టం కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి. ఆయన, ఎస్కలాడా అనే సమాచార నిపుణురాలు కలిసి రైతులకి ఉపన్యాసం చెప్పలేదు. మీ చేలో ఒక ముక్కలో నాటాక మొదటి 30 రోజులు, నేరుగా విత్తితే 40 రోజులు, ఆకుముడతకి మందు కొట్టకండి, మిగతా చేలో మామూలుగానే చేయండి, కోసినప్పుడు మీరే తూచుకోండి అన్నారు. తూచితే తేడా రాలేదు. తర్వాత వియత్నాంలో మెకాంగ్ డెల్టాలో అదే మాట పోస్టర్లతో, రేడియోతో ఊరూరికీ తీసుకెళ్ళారు. మందు కొట్టడాలు బాగా తగ్గాయి.

తొలిమందు వల్ల ఇంకో నష్టం ఉంది, మన గోదావరి రైతుకి చెప్పక్కర్లేదు. దోమ, అంటే వరి రసం పీల్చే సుడిదోమ. మొదట్లో సాలీళ్ళనీ మిరిడ్ నల్లినీ చంపేస్తే తర్వాత సుడిదోమని తినేవాళ్ళు ఉండరు. ఇండోనేషియా 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల్ని అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆపేసింది ఈ దోమ దెబ్బకే. ఆకుముడతకని సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టి, నెల తిరక్కుండా దోమపోటుతో చేను సుడులు సుడులుగా పడిపోయిన రైతుల్ని నేను చాలామందిని చూశాను. చవకని అవి కొనొద్దు.

ఫుకుఓకా_తెలుగు:
జపాన్‌లో క్యూషు దీవి నుంచి రాస్తున్నాను. మాది కోనసీమ, ఇక్కడ ఉద్యోగం. వరి మడుల మధ్యనే ఇల్లు కాబట్టి ఈ చిమ్మట ఇక్కడా పాత పరిచయమే. ఇక్కడి చలికి ఇది చలికాలం దాటలేదు. అయినా ఏటా జూన్, జూలైల్లో వానల సీజన్‌లో దిగిపోతుంది. దక్షిణ చైనా వైపు నుంచి నైరుతి గాలి పట్టుకుని సముద్రం దాటి వస్తుంది, సుడిదోమలతో పాటు. ఒకటిన్నర సెంటీమీటర్ల పురుగుకి అది చిన్న ప్రయాణమేం కాదు.

ప్రతి జిల్లాకీ తెగుళ్ళ హెచ్చరిక కేంద్రం ఉంటుంది. వాళ్ళు చేలల్లో తిరిగి చిమ్మటలు లెక్కపెట్టి, ఫలానా వారంలో పురుగులు బయటికొస్తాయని ముందే చెప్తారు. చాలామంది రైతులు నాటే ముందు నారు ట్రేలలోనే పురుగుమందు గుళికలు వేసేస్తారు, తర్వాత మడిలో పిచికారీ తగ్గుతుంది. కానీ దీనికీ ఖర్చుంది. అన్నిటికీ ఒకే మందు వాడితే ఏమవుతుందో చైనా అనుభవం చెప్తోంది, అక్కడ క్లోరాంత్రానిలిప్రోల్ అనే మందుకి ఆకుముడత పురుగులో నిరోధకత నమోదైంది.

రెక్కలపురుగు:
ఆ మందు పనిచేసేది పురుగు కండరాల మీద. లోపల కాల్షియం తలుపులు తెరుచుకుని అలాగే ఉండిపోతాయి, కండరం పట్టు తప్పుతుంది, పురుగు తినడం మానేస్తుంది. తెల్లారి బతికే కనబడుతుందని రైతులు మళ్ళీ కొడతారు. అది బతికున్నా తినట్లేదు.

గోదారిగట్టు:
నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. మొత్తం ఒప్పుకోలేదు. తూర్పు గట్టు వైపు ఎకరంలో కొట్టిస్తాననీ, మిగతా మూడెకరాల్లో తాడు లాగిస్తాననీ ఒప్పందం కుదిరింది. కోసినప్పుడు ఎకరం విడిగా తూకం వేయించమన్నాను. "ముందు తాడు పట్టుకోవడానికి నువ్వు రా" అన్నారు.

సాగర్_ఎడమకాల్వ:
పెద్దాయన మాట కరెక్టే. సార్, ఇప్పుడు నాది. సాంబ మసూరి, ముందే నాటిన. పొట్ట దశల ఉన్నది, పోటాకులు బయటికొస్తున్నయి. మీరన్నట్టే ఇప్పి చూసిన, ఎక్కువ శాతం ముడతల్ల పురుగు బతికే ఉన్నది, పోటాకు మీద కూడా. దూది గూళ్ళు అసలే లేవు. నేను కూడా ఆగాల్నా?

ఏఓ_రిటైర్డ్:
మీరు ఆగొద్దు. పోటాకు మీద పురుగు ఉంటే గింజ నిండదు, తాలు పెరుగుతుంది. ఇంత దాకా మందు వద్దన్నది ఈ దశ గురించి కాదు. ఈ దశలో పోటాకు మీద పురుగు కనబడితే ఇక ఎదురు చూడక్కర్లేదు. క్లోరాంత్రానిలిప్రోల్ 18.5 శాతం ద్రావణం ఎకరాకు 60 మిల్లీలీటర్లు, లేదా కార్టాప్ 50 శాతం పొడి లీటరుకు 2 గ్రాములు. రెండింటిలో ఒకటే. టానిక్కూ పైరిత్రాయిడూ కలపొద్దు. పూత మొదలైతే పొద్దున పూట కొట్టొద్దు, సాయంత్రం కొట్టండి, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని.

సాగర్_ఎడమకాల్వ:
డ్రోన్‌తో కొట్టిస్తే మందు తగ్గించాల్నా సార్? డ్రోన్ పిల్లగాడు సగం చాలు అంటుండు.

ఏఓ_రిటైర్డ్:
సగం చాలదు. డ్రోన్‌తో తగ్గేది నీళ్ళే, ఎకరాకు మందు మోతాదు అంతే. కొట్టే ముందు దుబ్బు మొదట్లో దోమ ఉందేమో కూడా వంగి చూడండి. ఉంటే ఇక్కడ చెప్పండి, మందు మార్చాల్సి వస్తుంది.